రోడ్డు వెడల్పు కాదు, రెండో దారి

మన దగ్గర ఊరు బాగుపడిందా అని అడిగితే మొదట వచ్చే జవాబు రోడ్డు గురించే. "ఏం రోడ్డండీ, అద్దంలా ఉంది!" "భద్రాచలంలో ఎక్కితే పర్ణశాల దాకా ఎక్కడా ఆగలేదు." ఎంత వెడల్పు, ఎంత నునుపు, ఎంత వేగం: మన కొలతలు ఈ మూడే. ఆ రోడ్డుని పక్కనుంచి వచ్చి కలిసే దారులెన్ని? అది మూసుకుపోతే ఇంకో దారి ఉందా? కాలినడకన పోయేవాళ్ళు ఎంత చుట్టూ తిరగాలి? వీటిని ఎవరూ అడగరు. నా గొడవ ఇదే. మన ఊళ్ళు పెరుగుతున్నాయి గానీ దారులు పెరగడం లేదు. ఉన్న ఒక్క దారినే లావు చేసుకుంటూ పోతున్నాం. ఇళ్ళు పడగొట్టి మళ్ళీ కట్టుకోవచ్చు. వీధిని ఒకసారి తప్పుగా గీస్తే మాత్రం మనవళ్ళ కాలానికి కూడా అది అట్లాగే ఉంటుంది.

పర్ణశాల సంగతే తీసుకుందాం. భద్రాచలానికి ముప్పై అయిదు కిలోమీటర్ల ఎగువన, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున ఉంటుంది. ఒక పక్క నది, ఇంకో పక్క అడవి, మధ్యలో చర్ల వైపు పోయే రోడ్డు. ఊళ్ళన్నీ ఆ రోడ్డుకి దండలో పూసల్లా వేలాడుతుంటాయి. పైగా 2014 తర్వాత ఆ దండ మధ్యలో రాష్ట్ర సరిహద్దు వచ్చి పడింది. పోలవరం ముంపు పేరుతో మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి, భద్రాచలం పట్నం మాత్రం తెలంగాణలో మిగిలింది. దుమ్ముగూడెం, చర్ల జనం తమ జిల్లాలోనే ఉన్న భద్రాచలం ఆసుపత్రికి రావాలంటే మధ్యలో ఎటపాక మండలం, అంటే పక్క రాష్ట్రం, దాటి రావాలి. గీతలు గీసినవాళ్ళు ఎకరాలు లెక్కపెట్టారు, ప్రాజెక్టు నీళ్ళు లెక్కపెట్టారు. దారి ఎటు పోతుందో చూసినట్టు లేదు.

ఒకే దారి మీద బతకడం అంటే ఏమిటో గోదావరి మనకి అప్పుడప్పుడూ పాఠం చెప్తూనే ఉంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. 2022 జూలైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు, దీన్నిబట్టి ఊహించుకోండి. 2022లో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ ప్రారంభించిన ఆ వంతెన మూతపడగానే భద్రాచలానికి, అవతల సారపాకకి మధ్య ఉన్న నాలుగడుగుల దూరం నాలుగు యోజనాలైంది. ఎగువ పల్లెలకి పోయే రోడ్డు మీదికీ వాగులు ఎగదన్నాయి.

దీని నుంచి మనం ఏం నేర్చుకున్నాం? పాత వంతెన పక్కనే రెండో వంతెన కట్టుకున్నాం. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. అరవై ఏళ్ళ వంతెనకి తోడు కావాల్సిందే. కానీ రెండూ ఒక్క చోటే దిగుతాయి, ఒకే రోడ్డులో కలుస్తాయి. వాహనాలు ఎక్కువైతే అది పనికొస్తుంది, వరదొస్తే పనికిరాదు. పర్ణశాల రేవులో నిలబడితే అవతల మణుగూరు వైపు ఒడ్డు కంటికి ఆనుతుంది. రోడ్డు మీద అక్కడికి పోవాలంటే భద్రాచలం దాకా దిగి, వంతెన దాటి, మళ్ళీ అంత దూరమూ ఎగువకి రావాలి. రెండో వంతెనకీ రెండో దారికీ ఉన్న తేడా ఇదే.

"పూర్వం రోడ్లే లేవు గదా, అప్పుడు బతకలేదా?" అంటారు. బతికారు, ఎందుకంటే రోడ్లు లేకపోయినా దారులు చాలా ఉండేవి. గోదావరే ఒక దారి. పందొమ్మిదో శతాబ్దంలో ఎగువ గోదావరిలో పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. రాజమండ్రి నుంచి లాంచీలు భద్రాచలం దాకా వచ్చేవి. అడవిలో కోయగూడేలని కలిపే కాలిబాటలు సాలెగూడులా అల్లుకొని ఉండేవి. ఒక వాగు పొంగితే ఇంకో వాలు నుంచి పోయేవాళ్ళు. మైదానంలో ప్రతి ఊరికీ బండ్లబాటలు. వాటిని కొందరు డొంక అంటారు, కొందరు పుంత అంటారు, తెలంగాణ రెవెన్యూ ఆఫీసుల్లో నక్ష బాట అంటారు. ఊరి నక్షాలో గీత గీసి ఉంటుంది కాబట్టి ఆ పేరు. అది ఎవరి పట్టాలోకీ రాదు. అందరిదీ.

ఇక్కడ పాతకాలాన్ని పొగుడుతున్నానని అనుకోవద్దు. ఆ "అందరిదీ" అన్న మాటలో పెద్ద అబద్ధం ఉంది. చాలా ఊళ్ళలో మాల మాదిగ వాడలకి ఊళ్ళోంచి సూటిగా దారి ఉండేది కాదు. చుట్టూ తిరిగి రావాలి, వచ్చినా చెప్పులు చేత పట్టుకోవాలి. దారిని అడ్డుకోవడం ద్వారా మనిషిని అడ్డుకోవడం మనకి బాగా తెలిసిన విద్య. కాబట్టి ఇవాళ్టి గేటూ ప్రహరీ అమెరికా నుంచి దిగుమతి అయ్యాయని నేననను. పేరు మాత్రమే అక్కడిది. వెనకటికి పక్కవాళ్ళని ఊరి బయట పెట్టేవాళ్ళం. ఇప్పుడు మనమే లోపలికి పోయి గేటు వేసుకుంటున్నాం.

ఈ జబ్బు మనకొక్కరికే కాదు. క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచంలోని వీధులన్నిటినీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకొని లెక్క కట్టారు. వాళ్ళు చూసినవి పెద్ద రహస్యాలేమీ కావు. ఎన్ని వీధులు గోడ దగ్గర ఆగిపోతున్నాయి, ఎన్ని కూడళ్ళలో మూడు దారులు కలుస్తున్నాయి, ఎన్నింట్లో నాలుగు కలుస్తున్నాయి, గాలిలో ఎగిరితే ఇంత దూరమున్న చోటికి నేల మీద ఎంత చుట్టూ తిరగాలి. వీటిని కలిపి ఒక సూచీ తయారుచేశారు. 2020లో అచ్చయిన వాళ్ళ పరిశోధన ప్రకారం 1975 నుంచి ప్రపంచంలో కొత్తగా వేస్తున్న వీధుల్లో అతుకు తగ్గుతూ వస్తోంది. ఊరు పెరిగినకొద్దీ అంచుల్లో మూసిన సందులు పెరుగుతున్నాయి. తమాషా ఏమిటంటే, ఈ మూసిన సందుల శివారు బతుకుని లోకానికి అమ్మిన అమెరికాలోనే 1990ల మధ్య నుంచి కొత్త వీధులు మళ్ళీ కలుసుకోవడం మొదలైందని అదే పరిశోధకులు అంతకుముందు, 2015లో, చూపించారు. వాళ్ళు వదిలించుకుంటున్న చొక్కాని మనం పండక్కి కొనుక్కుంటున్నాం.

పట్నాలు పెరిగితే ఇట్లా కాక తప్పదు అనుకోవడానికీ లేదు. జపాన్‌లో సన్నటి సందులు కూడా ఒకదాన్నొకటి కలుస్తూ పోతాయి. అంతదూరం ఎందుకు, హైదరాబాదుని చూడండి. ఆ నగరం పుట్టిందే ఒక కూడలితో. 1591లో నాలుగు దిక్కుల దారులు కలిసే చోట చార్మినార్ కట్టి, దాని చుట్టూ ఊరు పరిచారు. నాలుగు వందల ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆ నాలుగు దారులు అక్కడే ఉన్నాయి. నవాబులు పోయారు, దారులు పోలేదు. ఒకసారి గీసిన వీధికి ఎంత ఆయుష్షో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు అదే నగరం పడమటి అంచుకి రండి. ఒక్కో కమ్యూనిటీకి ఇరవై, ముప్పై ఎకరాలు. చుట్టూ పదడుగుల గోడ, పైన ముళ్ళ తీగ, ఒకటే గేటు. ఒకదాని పక్కన ఇంకోటి. మధ్యలో ఉన్న నక్ష బాట ఎటు పోయిందో అడిగేవాడు లేడు. లోపలి వీధులన్నీ గుండ్రంగా తిరిగి గేటు దగ్గరికే వస్తాయి. వందల కార్లు ఒక్క గేటులోంచి ఒక్క రోడ్డు మీదికి దిగితే ఆ రోడ్డు ఎంత వెడల్పయితే మాత్రం ఏం సరిపోతుంది? "ట్రాఫిక్ ఎక్కువైపోయింది" అని మనమే తిట్టుకుంటాం, ఫ్లైఓవర్ అడుగుతాం.

నేను కొన్నాళ్ళు అద్దెకున్న అపార్టుమెంట్ల వెనక గోడకి అవతలే బస్సు స్టాపు. గోడ లేకపోతే మూడు నిమిషాల నడక. గేటు నుంచి పోతే పాతిక నిమిషాలు. ఇళ్ళల్లో పనికొచ్చే ఆడవాళ్ళు గోడకి ఒక మూల కన్నం చేసుకున్నారు. సంఘం వాళ్ళు ఇటుకలు పెట్టి మూసేవాళ్ళు, వారం తిరక్కుండానే కన్నం మళ్ళీ తెరుచుకునేది. మూసిన ప్రతిసారీ సంఘం మీటింగులో "సెక్యూరిటీ" అన్న మాట వినిపించేది. పొద్దున అయిదున్నరకి బయల్దేరి నాలుగిళ్ళు చేసుకునే మనిషికి రోజూ ముప్పావు గంట నడక మిగలడం, పోవడం ఆ మీటింగులో ఎవరి లెక్కలోకీ రాలేదు. కారున్నవాడికి మూసిన సందు ప్రశాంతత. కాళ్ళే బండి అయినవాళ్ళకి అది జీతం లేని అదనపు డ్యూటీ.

సికింద్రాబాదు కంటోన్మెంటులో సైన్యం రోడ్లు మూసినప్పుడు చుట్టుపక్కల కాలనీలవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో రక్షణ శాఖ కంటోన్మెంటు రోడ్లు తెరవమని ఆదేశాలిచ్చే దాకా వచ్చింది వ్యవహారం. మంచి పోరాటం. దేశరక్షణ పేరు చెప్పి సైన్యం దారి మూస్తే ఊరుకోని మనం, బిల్డరు మూస్తే చదరపు అడుక్కి ఇంత అని ఎక్కువిచ్చి కొంటున్నాం.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల్లో, జి.ఓ. 168లో, పెద్ద గ్రూపు నిర్మాణాలు సైటు అంచున ఏదో ఒక పక్క 9 మీటర్ల ప్రజాదారి వదలాలని ఉంది, లోపలి స్థలాలవాళ్ళు రాకపోకలు సాగించడానికి. ఒక్కొక్కరు వదిలిన ముక్క పక్కవాళ్ళ ముక్కతో కలవాలి గదా? ఆ కలిపే బాధ్యత ఎవరిదో తేలదు. ముక్కలు ముక్కలుగానే ఉంటాయి. చివరికి ప్రభుత్వమే హైదరాబాదు రోడ్డు అభివృద్ధి సంస్థ అని ఒకటి పెట్టి, "మిస్సింగ్ లింక్" రోడ్ల జాబితా రాసుకొని, ప్రజల డబ్బుతో భూములు సేకరించి అతుకులు వేసుకుంటోంది. అనుమతి ఇచ్చిన రోజున కాగితం మీద పెన్సిలు గీత చాలేది. ఇవాళ దానికి కోట్లు కావాలి.

ఈ పట్నం కథంతా అడవి అంచున ఉన్న పర్ణశాలకి ఎందుకు చెప్తున్నానంటే, అదే కథ అక్కడ మొదలవుతోంది కాబట్టి. భద్రాచలం 2011 లెక్కల నాటికే సుమారు 50 వేల మంది ఉన్న పట్నం. పాలన మాత్రం గ్రామ పంచాయతీ. ఒక పక్క గోదావరి, కరకట్ట, మూడు పక్కలా పక్క రాష్ట్రం. చెత్త పారబోయడానికి చోటు లేని ఊరు. పెరగడానికి చోటు లేకపోతే ఊరు పెరగడం ఆపదు, రోడ్డు పట్టుకొని పాకుతుంది. పర్ణశాల వైపు రోడ్డు వెంబడి ఇళ్ళు, గోడౌన్లు, హోటళ్ళు, కల్యాణ మండపాలు ఒక వరసలో వస్తాయి. ఆ వరసకి వెనక వీధి ఉండదు. రోడ్డు మీది స్థలానికే విలువ, కాబట్టి రోడ్డు మీదే కడతారు. ఆ మొదటి వరస నిండిపోయాక వెనక పొలంలోకి దారి వేయాలన్నా వేసే చోటు మిగలదు.

"ఏజెన్సీలో ప్లాట్లేమిటి? 1/70 ఉంది గదా" అని అడగొచ్చు. ఉంది, ఉండాలి కూడా. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకి 1970లో చేసిన ఆ సవరణ లేకపోతే ఆదివాసుల చేతుల్లో ఈపాటికి పిడికెడు మట్టి మిగిలేది కాదు. కానీ చట్టం కాదన్నంత మాత్రాన ఊరు పెరగడం ఆగలేదు, కాగితాల్లో కనిపించడం మానేసింది. తెల్లకాగితాల మీద బేరాలయ్యే చోట వీధుల నక్షా ఎవరు గీస్తారు? అమ్మేవాడి ట్రాక్టరు ఎటు తిరిగితే అదే వీధి. దీనికి మందు చట్టాన్ని సడలించడం కాదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకి గొంతు ఇచ్చింది. భూమి చేతులు మారకుండానే, ఏ బాట ఎటు పోవాలో, ఏది ఎన్నటికీ మూయకూడదో గ్రామసభ తీర్మానం చేసి నక్షా మీద ఎక్కించొచ్చు. ఎవరి భూమి వాళ్ళదే, దారి మాత్రం అందరిదీ.

ఇంకాస్త లోపలికి పోతే ఇది సౌకర్యం సంగతి కూడా కాదు. చర్ల, దుమ్ముగూడెం అడవుల్లోని గూడేల నుంచి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని డోలీ కట్టి మోసుకొస్తున్నారని ప్రతి వానాకాలం పేపర్లో చూస్తాం, అయ్యో అంటాం, పేజీ తిప్పుతాం. అడిగితే "అటవీ అనుమతులు లేవు" అంటారు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. రోడ్లతో సహా కొన్ని ప్రజావసరాలకి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీభూమిని, హెక్టారుకి 75 చెట్లకి మించి నరకకుండా, గ్రామసభ సిఫారసుతో ఇవ్వొచ్చని అందులోనే ఉంది. అంటే గూడేన్ని రోడ్డుతో కలిపే దారి చట్టంలో ఉంది, నేల మీద లేదు.

అడవిని ప్రేమించే మిత్రులు ఇక్కడ అడ్డం పడతారు. "దారులు పెంచితే అడవి పోతుంది." వాళ్ళ భయం నిజమైనదే, కలప లారీలు వెళ్ళింది కూడా దారి మీదే. కానీ అతుకు అంటే తారు పెంచడం కాదు. రెండు గూడేల మధ్య కాలిబాట వాగు మీద చిన్న కల్వర్టు అతుకే. పక్క పక్కనే ఉన్న రెండు వీధుల మధ్య ఆరడుగుల సందు అతుకే. అడవినీ పొలాన్నీ ఎక్కువ మింగేది రోడ్డు వెంబడి పొడుగ్గా పాకే ఊరు. దగ్గర దగ్గరగా, వీధులు కలిసేట్టు కట్టుకున్న ఊరు అంతే జనానికి తక్కువ నేల తీసుకుంటుంది.

ఇక భద్రత. గేటు కావాలనేవాళ్ళ బలమైన వాదన ఇదే. పిల్లలు ఆడుకుంటారు, బండ్లు రావు, దొంగలు రారు. మొదటి రెండూ న్యాయమైన కోరికలు. వాటికి గోడ అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో హౌటెన్ అనే పట్నంలో కార్లు ఒక పేట నుంచి ఇంకో పేటకి పోవాలంటే బయటి రింగు రోడ్డు మీదుగా చుట్టూ తిరగాలి, సైకిళ్ళూ మనుషులూ మాత్రం ఊరి మధ్యలోంచి సూటిగా పోతారు. వీధి మొదట్లో నాలుగు రాళ్ళు పాతితే చాలు, కారు ఆగుతుంది, మనిషి ఆగడు. మనం సరిగ్గా దీన్ని తిరగేశాం. మన గేటు కారుకి సలాం కొట్టి తెరుచుకుంటుంది, నడిచొచ్చినవాళ్ళని పేరు, ఫోన్ నంబరు, ఏ ఫ్లాటు అని అడుగుతుంది.

మూడోదానికి జవాబు పర్ణశాలలోనే ఉంది. అక్కడికి వచ్చే యాత్రికులకి సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులు చూపిస్తారు, లక్ష్మణుడి గీత కథ చెప్తారు. వాల్మీకిలో ఆ గీత లేదు. మన తెలుగు రంగనాథ రామాయణంలో లక్ష్మణుడు ఏడు గీతలు గీస్తాడు. ఏడు గీసినా జరగాల్సింది జరిగింది. వచ్చినవాడు దొంగలా రాలేదు, భిక్షువులా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆ రోజు ఆ తల్లికి కరువైంది గీత కాదు, కేక వేస్తే వినే ఇరుగుపొరుగు. నలుగురూ నడిచే వీధిలో నలుగురి కళ్ళు ఉంటాయి. గోడల మధ్య మూసిన సందులో కెమెరా ఒకటే ఉంటుంది, అది చూస్తుంది గానీ పరిగెత్తుకు రాదు.

రాసేవాళ్ళ మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది. మనం మారిపోయిన ఊరి గురించి కథలు రాశాం, ఎండిపోయిన చెరువు గురించి, కొట్టేసిన చింతచెట్టు గురించి కవితలు రాశాం. నక్ష బాట మీద గోడ లేచిన సంగతి రాసినవాళ్ళు బహుతక్కువ. బాట అందంగా ఉండదు మరి. బురద, తుమ్మకంపలు, పేడ. అది పోయినప్పుడు ఎవరికీ గుండె కలుక్కుమనదు. పొలానికి ఎడ్లబండి ఎట్లా తోలాలో తెలియని రైతు ఎమ్మార్వో ఆఫీసు మెట్ల మీద కూర్చున్నప్పుడు గానీ అది పోయిందని తెలియదు.

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. ఏ వెంచరుకైనా, ఏ కాలనీకైనా అనుమతి ఇచ్చే ముందు ఊరి నక్షా పక్కన పెట్టి చూడాలి. పాత బాట ఏదీ గోడ లోపలికి పోకూడదు. ప్రతి లేఅవుట్‌లోని వీధి కనీసం రెండు పక్కల పక్కవాళ్ళ వీధితో కలవాలి, పక్కన ఇంకా పొలమే ఉంటే రేపటి వీధి కోసం గోడ లేకుండా వదలాలి. కారు వద్దనుకుంటే రాళ్ళు పాతుకోండి, మనిషికి సందు వదలండి. భద్రాచలం నుంచి పర్ణశాల దాకా రోడ్డు వెంబడి మొదటి వరస నిండకముందే వెనక వీధికి చోటు గుర్తించాలి. వరద నీటికి అందని ఎత్తులో ఊరికీ ఊరికీ మధ్య రెండో దారి ఏదో ఇప్పుడే, ఎండాకాలంలో, గీసుకోవాలి. సరిహద్దు దాటినచోట రెండు రాష్ట్రాల అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. వాగుకి రాష్ట్రం తెలియదు.

ఈసారి ఎవరైనా మైకు పట్టుకొని మీ ఊరి రోడ్డు నాలుగు లైన్లు చేస్తామని చెప్తే చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి. "అయ్యా, ఇది మునిగిన రోజున మేం ఎటునుంచి పోవాలి?" జవాబుగా ఇంకో రోడ్డు పేరు చెప్తే చప్పట్లు కొట్టండి. ఇదే రోడ్డు ఇంకా వెడల్పు చేస్తామంటే, కూర్చోకండి.